వడగళ్ళ జూలెప్

మొదటే ఒక సంగతి ఒప్పుకోవాలి. మింట్ జూలెప్ అనే పానీయాన్ని తొలిసారి రుచి చూసినప్పుడు నాకు చిన్నతనంలో మా ఇంటి గూట్లో ఉండే దగ్గుమందు సీసా గుర్తుకొచ్చింది. వర్జీనియాకు వచ్చిన కొత్తలో ఒక మే నెల శనివారం నాడు సహోద్యోగి ఒకాయన కెంటకీ డెర్బీ గుర్రప్పందాలను టీవీలో చూడటానికి ఇంటికి పిలిచాడు. స్త్రీలందరూ వెడల్పాటి పూలటోపీలు ధరించి ఉన్నారు. నా చేతికొక ప్లాస్టిక్ గ్లాసు వచ్చింది. సీసాలోంచి నేరుగా ఒంపిన తియ్యని విస్కీ, అందులో తేలుతున్న రెండు ఐసు గడ్డలు, వాడిన పుదీనా ఆకొకటి. మర్యాద కోసం సగం తాగి, మిగతా సగాన్ని ఒక పూలకుండీకి సమర్పించుకున్నాను. ఆ మొక్క తరువాత ఏమయిందో నేను అడగలేదు.

రెండు వందల ఏళ్ళకు పైగా ఒక దేశం ఇంతగా చెప్పుకున్న పానీయం ఇదేనా అన్న అనుమానం మాత్రం నన్ను వదలలేదు. మా పెరట్లో పుదీనా కలుపుమొక్కలా పెరుగుతుంది. దాని పుణ్యాన ఇంట్లోనే చేసి చూడటం మొదలుపెట్టాను; చేస్తూ చేస్తూ దాని చరిత్ర చదవడం మొదలుపెట్టాను. దగ్గుమందు అన్న నా తొలి అభిప్రాయం చారిత్రకంగా పూర్తిగా సరైనదేనని అలా తెలిసింది.

జూలెప్ అన్న మాట పుట్టుకతో పారశీకం. 'గుల్' అంటే పువ్వు, 'ఆబ్' అంటే నీరు. గులాబ్ అంటే పన్నీరు. మనం ఆ మాటను పువ్వుకే పెట్టుకుని గులాబీ అన్నాము. అరబ్బీ భాషలో 'గ' పలకదు కనుక అక్కడ అది జులాబ్ అయింది. అరబ్బు వైద్యులు పన్నీరును చక్కెరతో కాచి పాకం పట్టి, చేదు మందులను మింగించడానికి వాడేవారు. ఆ వైద్యగ్రంథాలు లాతిన్లోకి అనువాదమైనప్పుడు మాట కూడా వాటితో ప్రయాణించి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులో జూలెప్‌గా స్థిరపడింది. అదే జులాబ్ తూర్పుదిక్కుకు వచ్చి హిందీ, ఉర్దూలలో విరేచనాల మందుకు పేరైంది. అంటే కెంటకీ కులీనుల వెండి గిన్నెలోని పానీయమూ, మన హకీము ఇచ్చే విరేచనాల మందూ అన్నదమ్ముల బిడ్డలు! మన పుదీనా మాట సైతం పారశీకమే. చక్కెరకు, ఇంగ్లీషు వారి షుగరుకు మూలం సంస్కృత శర్కర. విస్కీ అన్న మాటకు గేలిక్ భాషలో జీవజలమని అర్థం. పారశీకపు 'ఆబ్', మన సంస్కృతపు 'ఆపః' ఒకే వేరు నుంచి వచ్చినవి. గ్లాసులో నీళ్ళు పోయకపోయినా పేర్లనిండా నీళ్ళే ఉన్నాయి.

ఇంగ్లండులో చాలాకాలం జూలెప్ మందుల దుకాణపు సరుకే. మిల్టన్ 1634 నాటి 'కోమస్' రూపకంలో మాంత్రికుడు నాయికను లోబరచుకోవడానికి చూపే పానీయం కూడా జూలెప్పే. ఆమె దాన్ని ముట్టదు. ఆ పేరు అట్లాంటిక్ దాటి వర్జీనియా చేరాక, మందు అన్న మాటకు మన తెలుగులో ఉన్న రెండో అర్థం దానికి పట్టింది. పొగాకు తోటల యజమానులు ఉదయం నిద్రలేస్తూనే ఒక మోతాదు సారాయిలో పుదీనా వేసుకుని తాగేవారు. తెల్లవారుజామున మంచులోంచి జ్వరాలు వస్తాయని వారి నమ్మకం, లేదా వారి సాకు. 1803లో జాన్ డేవిస్ అనే ఇంగ్లీషు యాత్రికుడు తన అమెరికా ప్రయాణ గ్రంథంలో, మింట్ జూలెప్ అంటే ఏమిటో తెలియని పాఠకుల కోసం, వర్జీనియా వారు పొద్దున్నే పుచ్చుకునే పుదీనా సారాయి అని అర్థం రాయవలసి వచ్చింది. అప్పటికి అందులో ఐసు లేదు. ఫలానా సారాయే ఉండాలన్న నియమమూ లేదు. ఉన్నవాళ్ళు ఫ్రెంచి బ్రాందీ, మధ్యరకం వాళ్ళు రమ్ము, లేనివాళ్ళు ఊరి విస్కీ వాడేవారు.

ఇక ఐసు కథ. బోస్టన్‌కు చెందిన ఫ్రెడరిక్ ట్యూడర్ 1806లో చెరువుల మీద గడ్డకట్టిన మంచును కోయించి, ఓడకెత్తించి, వేడి దేశమైన మార్టినిక్ ద్వీపానికి తీసుకెళ్ళినప్పుడు ఊరంతా నవ్వింది. ఆయన అప్పులపాలై జైలుకు కూడా వెళ్ళాడు, కానీ పట్టు వదలలేదు. 1825లో నథానియల్ వైయెత్ గుర్రాలు లాగే మంచుకోత నాగలి కనిపెట్టాక ఐసు ధర పడిపోయింది. వేసవిలో దక్షిణాది పట్నాలలో ఐసు దొరకడం మొదలైంది. పొద్దుటి మందుగుక్క కాస్తా మధ్యాహ్నపు చల్లని విలాసంగా మారింది ఈ దశలోనే.

ఇక్కడ మనకు కూడా ఒక వాటా ఉంది. అదే ట్యూడర్ 1833లో 'టస్కనీ' అనే ఓడలో 180 టన్నుల ఐసును కలకత్తాకు పంపాడు. నాలుగు నెలల సముద్రయానం తరువాత కూడా అందులో దాదాపు 100 టన్నులు కరగకుండా మిగిలింది. 1842లో మద్రాసు తిరువళ్లిక్కేణి సముద్రతీరాన ఆ ఐసు దాచడానికి గుండ్రటి భవనం కట్టారు. 1897లో వివేకానందుడు విడిది చేసిన ఐస్‌హౌస్ అదే; ఇప్పుడది వివేకానందుల స్మారక భవనం. థోరో తన 'వాల్డెన్'లో, తన గుడిసె పక్కన చెరువులో కోసిన మంచును తలచుకుంటూ, చార్ల్‌స్టన్, న్యూ ఆర్లీన్స్ వాసులనూ మద్రాసు, బొంబాయి, కలకత్తా వాసులనూ ఒకే వాక్యంలో కూర్చోబెట్టాడు. ఆ వాక్యంలోని మొదటి రెండు ఊళ్ళలో ఆ మంచు జూలెప్‌లో పడింది. మద్రాసులో అది దొరల నిమ్మరసంలో పడి ఉంటుంది. ఆ భవనం ముందు నుంచి చిన్నప్పుడు ఎన్నిసార్లు బస్సులో వెళ్ళానో. అది నిజంగా ఐసు కోసమే కట్టిన ఇల్లని మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు.

ఐసు జూలెప్‌కు అందరికంటే గొప్ప ప్రచారకుడు ఫ్రెడరిక్ మారియట్ అనే ఇంగ్లీషు నౌకాధికారి, నవలాకారుడు. 1839లో వచ్చిన తన అమెరికా దినచర్యలో లేత పుదీనా చిగుళ్ళు ఎన్ని వేయాలి, మామూలు బ్రాందీ ఎంత, పీచుపండ్ల బ్రాందీ ఎంత, ఐసును ఎలా దంచాలి అన్నదంతా ఆయన వంటశాస్త్రంలా రాశాడు. గ్లాసు అంచుకు అనాసముక్క రుద్దేవారట; గ్లాసు బయట మంచు పేరుకునేదట. 1842లో చార్లెస్ డికెన్స్ బాల్టిమోరు హోటల్లో ఉండగా ఒక పెద్ద పాత్ర నిండా జూలెప్ వచ్చింది. ఆ రాత్రి ఆయన, వాషింగ్టన్ ఇర్వింగ్ కలిసి దాన్ని తాగుతూ కూర్చున్నారు. డికెన్స్ ఆ జ్ఞాపకాన్ని చాలా ఏళ్ళు మురిపెంగా దాచుకున్నాడు.

ఈ వర్ణనలన్నీ చదువుతూ పోతే ఒక లోటు కనిపిస్తుంది. తాగినవారి పేర్లన్నీ ఉన్నాయి. ఐసు పగలగొట్టినవాడెవడు? పుదీనా కోసి తెచ్చినదెవరు? చెమటలు కక్కుతూ నిలబడి పాత్రను చేతికందించినదెవరు? మనం మంచి వంటను నలభీమపాకం అంటాము. ఆ ఇద్దరూ ఎవరు? మారువేషంలో పరుల కొలువులో వంట చేసిన రాజులు. వేషం లేకుండా జీవితమంతా వండిన వాళ్ళెవరి పేరా మన నోట నానలేదు. వర్జీనియా పుస్తకాలలోనూ అంతే.

అయితే ఒక పేరు మిగిలింది. జాన్ డాబ్నీ.

1824 ప్రాంతంలో వర్జీనియాలో పుట్టిన బానిస ఆయన. యజమానురాలు కోరా డిజార్నెట్. ఆయన పనితనాన్ని ఇతరులకు అద్దెకిచ్చి ఆ సొమ్ము యజమానులు తీసుకునే పద్ధతి ఒకటి ఆ రోజుల్లో ఉండేది. అలా హోటళ్ళలో పనికి కుదిరి, రిచ్‌మండ్ నగరంలో వంటలోను, పానీయాలు కలపడంలోను సాటిలేనివాడయ్యాడు. ఆయన చేతి పానీయానికి జనం పెట్టిన పేరు 'హెయిల్‌స్టార్మ్ జూలెప్', అంటే వడగళ్ళవాన జూలెప్. గ్లాసు నిండా నలగ్గొట్టిన ఐసు, అంచుకు పైన గోపురంలా లేచిన మంచు, పళ్ళు, పూలు. దాన్ని చూడటానికే మనుషులు వచ్చేవారట. అద్దె సొమ్ము యజమానికి పోగా పైన వచ్చే బహుమానాలు మాత్రం ఆయనవి.

ఆ చిల్లర డబ్బుతో డాబ్నీ ఏమి కొన్నాడు? తన భార్యను కొన్నాడు. ఎలిజబెత్ మరొక యజమాని సొత్తు; ఆమెను అమ్మేస్తారన్న భయం వచ్చినప్పుడు వాయిదాల మీద ఆమె ధర చెల్లించి విడిపించుకున్నాడు. ఒక మనిషి చల్లని పానీయాలు కలిపి, గుక్కకింతని కూడబెట్టి, తన భార్యను వేరొకరి ఆస్తిపత్రంలోంచి తప్పించాడు. మారియట్ వర్ణించిన ఆ మంచు గోపురాన్ని నేను తిరిగి చదివినప్పుడు ఈ సంగతి పక్కన పెట్టి చదవలేకపోయాను.

తరువాత తన ధర చెల్లించడం మొదలుపెట్టాడు. అది పూర్తి కాకముందే అంతర్యుద్ధం వచ్చింది. 1865 ఏప్రిల్‌లో రిచ్‌మండ్ పడిపోయింది; బానిసత్వం రద్దయింది. ఆయన ఎవరికీ ఒక్క పైసా బాకీ లేడు. ఏ న్యాయస్థానమూ అడగదు. అయినా డాబ్నీ వెళ్ళి మిగిలిన సొమ్మును పాత యజమానురాలికి చెల్లించాడు. తెల్లవారి పత్రికలు ఈ కథను ఎంతో ఇష్టంగా చెప్పుకున్నాయి. చూశారా, మన పాత బానిసలు ఎంత నిజాయితీపరులో, ఆ కాలమెంత మంచిదో అన్నది వారి మురిపెం.

నాకు ఈ కథ చాలాకాలం మింగుడు పడలేదు. తనను తానే దొంగిలించిన వాళ్ళకు తన ఖరీదు కట్టడమేమిటి? కోపం కూడా వచ్చింది. తరువాత వేరే విధంగా ఆలోచించాను. ఆయన హోటలు పెట్టుకోవలసింది ఆ ఊళ్ళోనే. తినవలసినది, తాగవలసినది నిన్నటి యజమానులే. మాట తప్పని మనిషి అన్న పేరే ఆయన పెట్టుబడి. కనుక అది వ్యాపార దక్షత అనుకున్నాను. అదీ పూర్తిగా తృప్తినివ్వలేదు. చివరికి నన్ను నిలబెట్టినది ఒక చిన్న వివరం. అదే 1865 నవంబరులో డాబ్నీ దంపతులకు కొడుకు పుట్టాడు. వాడికి వాళ్ళు పెట్టిన పేరు వెండెల్ ఫిలిప్స్. ఆ పేరు బోస్టన్‌లో బానిసత్వానికి వ్యతిరేకంగా నిప్పులు కక్కిన వక్తది. దక్షిణాది యజమానులకు దాన్ని వింటేనే ఒళ్ళు మండేది. బాకీ తీర్చిన చేతులే ఉయ్యాలలో బిడ్డకు ఆ పేరు పెట్టాయి. పత్రికలు బాకీని రాసుకున్నాయి, పేరును చూడలేదు. ఆ వెండెల్ ఫిలిప్స్ డాబ్నీ పెద్దవాడై సిన్సినాటిలో 1907లో 'ది యూనియన్' అనే పత్రిక స్థాపించి, 1952లో చనిపోయేదాకా నల్లవారి హక్కుల కోసం దాన్ని నడిపాడు. తండ్రి గురించి మనకు తెలిసినదానిలో చాలా భాగం ఆ కొడుకు రాసిపెట్టినదే. జాన్ డాబ్నీ 1900లో కన్నుమూశాడు.

బ్రాందీ పోయి విస్కీ రావడం గురించి రెండు ముక్కలు చాలు. 1862లో జెర్రీ థామస్ అచ్చువేసిన పానీయాల పుస్తకంలో మింట్ జూలెప్ అంటే ఇంకా బ్రాందీదే. విస్కీ జూలెప్ విడిగా ఒక ఉపజాతి. ఆ తరువాత ఫ్రాన్సు ద్రాక్షతోటలను ఫిలాక్సెరా పురుగు తినేయడంతో బ్రాందీ ప్రియమైంది. కెంటకీ మొక్కజొన్నతో చేసిన బోర్బన్ విస్కీ చవకగా దొరికింది. అప్పటి నుంచి జూలెప్ కెంటకీదయిపోయింది. వర్జీనియా వాళ్ళు నేటికీ ఆ మాట ఒప్పుకోరు. (ఆవకాయ ఏ జిల్లాది అన్న చర్చలో పెరిగిన నాకు ఇందులో ఆశ్చర్యమేమీ కనిపించలేదు.)

కెంటకీ లూయివిల్లో 1872లో పుట్టిన టామ్ బులక్ కథ మాత్రం చెప్పి తీరాలి. సెయింట్ లూయిస్ కంట్రీ క్లబ్బులో పానీయాలు కలిపే నల్లజాతి పనివాడు ఆయన. 1912లో మిషిగన్ రాష్ట్రపు చిన్న పత్రిక సంపాదకుడొకడు మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్టును తాగుబోతని రాశాడు. రూజ్‌వెల్ట్ పరువునష్టం దావా వేశాడు. 1913 మే నెలలో విచారణ జరిగింది. ప్రమాణం చేసి ఆయన చెప్పినదేమిటంటే, సెయింట్ లూయిస్ క్లబ్బులో ఒక జూలెప్ ఇస్తే అందులో కొంచెమే తాగానని. దావా గెలిచాడు, ఆరు సెంట్లు నష్టపరిహారం వచ్చింది. కానీ సెయింట్ లూయిస్ పత్రిక ఒకటి సంపాదకీయంలో పట్టుకుంది: టామ్ చేతి జూలెప్ రుచి చూసిన మనిషి కొంచెంతో ఆపగలడా? మిగతాదంతా నమ్మినా ఈ ఒక్కటీ నమ్మలేమని వెక్కిరించింది. నవ్వొచ్చే కథే. కానీ అధ్యక్షుడి మాట మీద పనివాడి పనితనం గెలవడం ఎన్నిసార్లు చూస్తాము? 1917లో బులక్ 'ది ఐడియల్ బార్‌టెండర్' అన్న పుస్తకం వేశాడు. నల్లజాతి అమెరికన్ రాసిన మొట్టమొదటి కాక్‌టెయిల్ గ్రంథంగా దాన్నే లెక్కిస్తారు. దానికి పీఠిక రాసిన జార్జ్ హెర్బర్ట్ వాకర్, తరువాతి కాలపు ఇద్దరు బుష్ అధ్యక్షులకు తాతా, ముత్తాతా. మూడేళ్ళు తిరగకుండా మద్యనిషేధం వచ్చి బులక్ వృత్తినే చట్టవిరుద్ధం చేసింది.

డెర్బీ పందాలు కూడా ఇలాగే మరచిపోయాయి. 1875లో జరిగిన మొదటి డెర్బీలో 15 మంది రౌతులలో 13 మంది నల్లవారు. గెలిచిన ఆలివర్ లూయిస్ వారిలో ఒకడు. 1902లో జిమ్మీ వింక్‌ఫీల్డ్ గెలిచిన తరువాత మరొక నల్లజాతి రౌతు ఆ పందెం గెలవలేదు. 1930ల చివరలో, భోజనశాలలోని బొమ్మల గ్లాసులను జనం ఇళ్ళకు పట్టుకుపోతున్నారని గమనించిన నిర్వాహకులు, జూలెప్‌ను ఆ గ్లాసులలోనే పోసి జ్ఞాపికలతో సహా అమ్మడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఆ రెండు రోజులలో లక్షకు పైగా జూలెప్‌లు అమ్ముతారు. వాటిలో అత్యధికం ముందే కలిపి సీసాకెత్తినవి. నా పూలకుండీ మిత్రుడి ఇంట నేను తాగినది అటువంటిదే.

ఇంట్లో చేసుకునే పద్ధతి చెబుతాను. బజారులో కట్టగా దొరికే మన పుదీనాయే దీనికి తగినది, పిప్పర్‌మెంటు కాదు. ఎనిమిదో పదో ఆకులు, రెండు చెంచాల చక్కెర, ఒక చెంచాడు నీళ్ళు గ్లాసు అడుగున వేసి, చెంచా వెనుకభాగంతో మెల్లగా ఒత్తాలి. మన చెయ్యి పచ్చడికి అలవాటు పడ్డది కనుక ఇక్కడే పొరపాటు చేస్తాము. ఆకును నూరితే పసరు దిగి చేదెక్కుతుంది; వాసన వస్తే చాలు, ఆపేయాలి. 60 మిల్లీలీటర్ల బోర్బన్ పోయాలి. ఐసును మందపాటి గుడ్డసంచిలో వేసి, గట్టుమీద పెట్టి, అప్పడాల కర్రతో వడగళ్ళంత ముక్కలయ్యేదాకా బాదాలి. సగం గ్లాసు నింపి, అడుగునుంచి బాగా కలిపి, మిగతా ఐసును గోపురంలా పోయాలి. ఒక పుదీనా రెమ్మను అరచేతిలో పెట్టి చప్పట్లు చరిచినట్టు ఒక్క దెబ్బ కొట్టి పైన గుచ్చాలి. ముక్కు ఆ రెమ్మకు తగిలేటంత పొట్టి గొట్టంతో తాగాలి. నిదానంగా.

లోహపు గ్లాసు అవసరం. ఐసు సారాయిలో కరిగేటప్పుడు ఆ మిశ్రమం సున్నా డిగ్రీల కంటే దిగువకు చల్లబడుతుంది. లోహం ఆ చలిని వెంటనే బయటికి తెస్తుంది. గాలిలోని తేమ దాని మీద తెల్లని నూగుమంచై పట్టుకుంటుంది. దక్షిణాది సంపన్నులు ఇందుకోసం వెండి గిన్నెలు చేయించుకునేవారు. మన పెళ్ళిళ్ళలో పెట్టే వెండి గ్లాసు ఆకారంలోను పరిమాణంలోను అచ్చంగా అదే. నేను దాన్ని తీసి సిద్ధం చేస్తున్న రోజున, అప్పుడే ఊరినుంచి వచ్చిన మా అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది.

"ఏమిట్రా ఆ బాదడం?" అంది. చెప్పాను. గ్లాసు వంక చూసి, "మీ మామగారు పెళ్ళిలో పెట్టిన వెండి గ్లాసులో సారా పోస్తావా? ఇంకో గ్లాసు దొరకలేదూ?" అంది.

వాదించలేదు. నాది స్టీలు గ్లాసులోకి మార్చుకున్నాను. వెండి గ్లాసులో ఆవిడ కోసం పుదీనా, చక్కెర, నిమ్మరసం వేసి, విస్కీకి బదులు చల్లని నీళ్ళు, ఇండియన్ దుకాణంలో కొన్న పన్నీరు ఒక చెంచాడు పోసి, అదే ఐసు నింపి ఇచ్చాను. అసలు జులాబ్ ఇదేనమ్మా, నా గ్లాసులోదే తరువాత వచ్చింది అంటే, జులాబ్ అన్న మాట విని అనుమానంగా చూసింది. ఆ తరువాత వరండాలో కూర్చుని డాబ్నీ కథ చెప్పాను. భార్యను కొనుక్కున్న చోట ఆవిడ తాగడం ఆపి, "పిల్లలున్నారా అప్పటికి?" అని అడిగింది. బాకీ తీర్చిన సంగతికి ఏమీ అనలేదు.

కాసేపటికి నా స్టీలు గ్లాసు తెల్లగా మంచు పట్టింది. ఆవిడ వెండి గ్లాసుకు మాత్రం నీటిబొట్లే. "వెండి కదా, దీనికెందుకు పట్టలేదు?" అని అడిగింది. అందులో సారా లేదు కనుక అంత చల్లబడదని చెప్పాను. "పోనీలే," అని గ్లాసును పైటచెంగుతో తుడుచుకుని, మళ్ళీ కొంచెం ఐసు వెయ్యమని నా వైపు చాపింది.